సీసాల్లో నింపేటప్పుడు బీరుకు పంచదార ఎంత?

ప్రశ్న: మేము డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. పోయిన శీతాకాలంలో ఇంట్లో బీరు తయారు చేయడం మొదలుపెట్టాను. మొదటి విడత ఐదు గ్యాలన్ల పేల్ ఏల్‌కు (లేత రంగు బీరు) కిట్‌తో వచ్చిన ఐదు ఔన్సుల ప్రైమింగ్ షుగర్ (సీసాలో గ్యాస్ పుట్టడానికి వేసే చక్కెర) పొట్లం మొత్తం వాడి, సీసాలను గరాజ్‌లో పెట్టాను. మూడు వారాల తర్వాత తీస్తే గ్యాసే లేదు, చప్పగా ఉంది. వాటిలో ఒక డజను ఇప్పటికీ ఫ్రిజ్‌లోనే పడి ఉన్నాయి. పంచదార చాలలేదేమోనని జూలైలో రెండో విడతకు ఒక్కో సీసాలో ఒక చెంచా వేసి మూత బిగించాను. బీరు సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ లేదు, బుడగలు ఆగిపోయాయని పదో రోజునే నింపేశాను. ఇప్పుడు మూత తీస్తే సగం బీరు పొంగిపోతోంది. మొన్న రాత్రి ఒక సీసా పేలి గాజు ముక్కలు గరాజ్ అంతా చిందాయి. ఇంకా ముప్పై సీసాలు ఉన్నాయి. చిన్నపిల్లలున్న ఇల్లు కాబట్టి అన్నీ పారేయమని నా భార్య పట్టుబడుతోంది. అసలు ఎంత పంచదార వేయాలి? ఊరి నుంచి తెచ్చుకున్న అనకాపల్లి బెల్లం వాడవచ్చా? హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిది కూడా మొదలుపెడతానంటున్నాడు. అతనికి ఏం చెప్పమంటారు?

సమాధానం: పంచదార లెక్కకు వెళ్లే ముందు గరాజ్‌లో ఉన్న ఆ ముప్పై సీసాల సంగతి తేల్చుకోవాలి. మీ శ్రీమతి గారి భయంలో అతిశయోక్తి ఏమీ లేదు. ఒక సీసా పేలిందంటే అదే రోజు, అదే చెంచాతో నింపిన మిగతా సీసాలు కూడా ఆ స్థితికి దగ్గరలోనే ఉన్నాయని అర్థం. పిల్లలను గరాజ్ వైపు వెళ్లనివ్వకండి. ఎండ వేళ మీరు కూడా వాటి జోలికి పోకుండా, తెల్లవారుజామున గరాజ్ కాస్త చల్లబడ్డాక, నిండు చేతుల చొక్కా, మందపాటి తోలు చేతి తొడుగులు, ముఖమంతా కప్పే ప్లాస్టిక్ కవచం వేసుకుని, ముందుగా సీసాల మీద దళసరి దుప్పటి కప్పండి. ఆ తర్వాత సీసాలున్న పెట్టెను కుదపకుండా, వంచకుండా ఎత్తి, మూత ఉన్న పెద్ద ఐస్ కూలర్‌లోకి దించండి. వేడెక్కిన గాజు ఒక్కసారిగా మంచునీళ్లలో మునిగితే పగిలే ప్రమాదం ఉంది కాబట్టి మొదట మామూలు నీళ్లు పోసి, ఒక అరగంట గడిచాక ఐస్ కలిపి, మూత వేసి మర్నాటి వరకూ వదిలేయండి. బీరు చల్లబడిన కొద్దీ పైన ఉన్న వాయువు ద్రవంలోకి కరిగి ఒత్తిడి బాగా తగ్గుతుంది. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. గడ్డకట్టే ద్రవం వ్యాకోచించి, సీసాను అదే పగలగొడుతుంది.

మర్నాడు కూడా తొడుగులు, ముఖ కవచం తీయకుండానే, ఒక్కో సీసా మీద తువ్వాలు కప్పి, ఓపెనర్‌తో మూత అంచును కొద్దిగా మాత్రమే లేపి, బుస్సుమనే చప్పుడు తగ్గే వరకూ గ్యాస్‌ను నిదానంగా వదలండి. ఇలా గ్యాస్ తీసిన సీసాకు కొత్త మూత బిగించి మళ్లీ గరాజ్‌లో పెట్టుకోవచ్చని కొందరు చెబుతారు కానీ, నేను ఒప్పుకోను. లోపల ఇంకా పులియవలసిన చక్కెర మిగిలి ఉంటే అదే ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. ఫ్రిజ్‌లో పట్టినన్ని ఉంచుకుని త్వరగా వాడేసి, మిగతావి సింకులో పారబోయండి. పారబోసే ముందు ఒక పని చేయండి. ఒక గ్లాసులో కొంచెం పోసి వాసన, రుచి చూడండి. ఖాళీ సీసా మెడ లోపలి భాగాన్ని వెలుతురులో పరిశీలించండి. బీరు మట్టం ఉన్న చోట గాజుకు తెల్లటి వలయం అంటుకుని ఉండి, రుచిలో పులుపో, లవంగం లాంటి ఘాటో, ఆసుపత్రి మందుల లాంటి వాసనో తగిలితే అది పంచదార తప్పు కాదు, బయటి సూక్ష్మజీవులు చేరాయని గుర్తు. అలాంటప్పుడు గొట్టాలు మార్చి, బకెట్ కుళాయిని విడదీసి లోపల కడగాలి. రుచి శుభ్రంగా ఉండి పొంగడం ఒక్కటే దోషమైతే, మీరు వేసిన చెంచాలూ, తొందరపడి నింపడమూ రెండే కారణాలు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఎంత పంచదార వేయాలన్నది పంచదారతో మొదలయ్యే లెక్క కాదు. బీరు పూర్తిగా పులిసిందా, దానిలో ఇప్పటికే ఎంత గ్యాస్ కరిగి ఉంది, ఎంత గ్యాస్ కావాలనుకుంటున్నాం, సీసాల్లోకి వెళ్లే బీరు ఎన్ని లీటర్లు అనే నాలుగు సంగతులు తెలిస్తే పంచదార తూకం దానంతట అదే వస్తుంది. వీటిలో ఏ ఒక్కటి తెలియకపోయినా ఎంత ఖచ్చితంగా తూచినా ప్రయోజనం ఉండదు.

సీసాలో జరిగేది చాలా సూటి వ్యవహారం. పులియడం ముగిసిన బీరులో కంటికి కనిపించకపోయినా కోట్లాది ఈస్టు కణాలు తేలుతూనే ఉంటాయి. వాటికి కొద్దిగా చక్కెర అందించి మూత బిగిస్తే అవి దానిని ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి. బయటికి పోయే దారి లేక ఆ వాయువు బీరులోనే కరుగుతుంది. ఒక గ్రాము పంచదార నుంచి సుమారు అర గ్రాము వాయువు పుడుతుంది. బీరు తయారీలో వాయువును వాల్యూమ్‌లలో కొలుస్తారు: ఒక లీటరు బీరులో సున్నా డిగ్రీల సెల్సియస్, సాధారణ వాతావరణ పీడనం దగ్గర ఒక లీటరు జాగాను ఆక్రమించే కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటే అది ఒక వాల్యూమ్, అంటే దాదాపు 2 గ్రాములు. ఈస్టు తన ఎదుగుదలకు వాడుకునే కొద్దిపాటి చక్కెరను కూడా కలుపుకుంటే, లీటరుకు 4 గ్రాముల పంచదార ఒక వాల్యూమ్ వాయువును ఇస్తుందని గుర్తుంచుకుంటే చాలు. కిట్లతో వచ్చే ప్రైమింగ్ షుగర్ మొక్కజొన్న నుంచి తీసిన గ్లూకోజు. దాని స్ఫటికాల్లో కొంత నీరు కలిసి ఉంటుంది కాబట్టి అదే ఫలితానికి లీటరుకు 4.6 గ్రాములు పడుతుంది.

చాలామంది మరిచిపోయేది, పులియడం పూర్తయిన బీరులో అప్పటికే కరిగి ఉండే వాయువు సంగతి. అది ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. బీరు 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర పులిసి ఉంటే సుమారు 1 వాల్యూమ్, 20 డిగ్రీల దగ్గర 0.86, 25 డిగ్రీల దగ్గర 0.76 వాల్యూమ్‌లు ఉంటాయి. ఇక్కడ చూడవలసింది సీసాల్లో నింపే రోజున బీరు ఎంత చల్లగా ఉందని కాదు, పులియడం ముగిసే దశలోనూ ఆ తర్వాతా అది చేరుకున్న అత్యధిక ఉష్ణోగ్రత ఎంత అని. వేడెక్కినప్పుడు వాయువు బయటికి పోతుంది. పులియడం ఆగిపోయాక మళ్లీ చల్లబరిచినా పోయిన వాయువును తిరిగి పుట్టించేవారు ఉండరు. బీరును తేటపరచడానికి రెండు రోజులు 2 డిగ్రీల దగ్గర ఉంచి, కాలిక్యులేటర్‌లో ఆ 2 డిగ్రీలనే నమోదు చేసేవారు ఉన్నారు. ఆ లెక్క ప్రకారం బీరులో అప్పటికే 1.6 వాల్యూమ్‌లు ఉన్నట్టు తేలుతుంది, పంచదార సగానికి తగ్గిపోతుంది, బీరు చప్పబడుతుంది.

మీ పేల్ ఏల్‌నే ఉదాహరణగా తీసుకుందాం. ఇటువంటి బీరుకు 2.2 నుంచి 2.7 వాల్యూమ్‌ల వరకూ బాగుంటుంది, 2.4 అనుకుందాం. ఇంట్లో 20 డిగ్రీల దగ్గర పులిసిందనుకుంటే 0.86 ఇప్పటికే ఉంది, ఇంకా కావలసింది 1.54. దానిని నాలుగుతో గుణిస్తే లీటరుకు సుమారు 6.2 గ్రాముల పంచదార. ఐదు గ్యాలన్లంటే 18.9 లీటర్లే కానీ, అడుగున మడ్డి వదిలేశాక బాట్లింగ్ బకెట్‌లోకి (సీసాలు నింపడానికి వాడే కుళాయి బకెట్) వచ్చేది 18 లీటర్ల లోపే ఉంటుంది. 18 లీటర్లకు 111 గ్రాముల పంచదార, లేదా 128 గ్రాముల ప్రైమింగ్ షుగర్. గిన్నెలో మరిగించిన ద్రవం ఎన్ని గ్యాలన్లు అన్నది ఈ లెక్కకు అక్కరలేదు. బకెట్ పక్కన ఉన్న గీతల దగ్గర, నింపే రోజున కనిపించే మట్టమే లెక్క. బ్రిటిష్ వంటకాలను అనుసరించేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. అక్కడి గ్యాలన్ 4.55 లీటర్లు, అమెరికా గ్యాలన్ 3.79 లీటర్లు. వారి ఐదు గ్యాలన్ల తూకాన్ని మీ ఐదు గ్యాలన్లకు వేస్తే ఐదింట ఒక వంతు పంచదార ఎక్కువ పడుతుంది.

ఈ లెక్కతో మీ రెండు విడతలనూ చూడండి. మొదటి విడతలో వేసిన ఐదు ఔన్సులు, అంటే 142 గ్రాముల ప్రైమింగ్ షుగర్, 18 లీటర్ల బీరును 2.57 వాల్యూమ్‌ల వరకూ తీసుకెళ్లాలి. అది ఏమాత్రం తక్కువ కాదు. కాబట్టి ఆ బీరు చప్పగా ఉండటానికి పంచదార కారణం కాదు. పంచదార పెంచడం ఆ సమస్యకు మందూ కాదు. డల్లాస్ జనవరిలో వేడి సదుపాయం లేని గరాజ్ 10 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే 50 ఫారెన్‌హీట్‌కు దిగడం మామూలే. ఏల్ ఈస్టు ఆ చలిలో ముడుచుకుని అడుక్కి చేరిపోతుంది. మీరు వేసిన చక్కెర ఆ సీసాల్లో ఇంకా చాలావరకూ అలాగే ఉంది. జాగ్రత్తగా రుచి చూస్తే కొద్దిపాటి తీపి తెలుస్తుంది కూడా.

ఫ్రిజ్‌లో ఉన్న ఆ డజను సీసాలు పాడైపోలేదు. వాటిని ఇంట్లో 21 డిగ్రీల దగ్గర ఉండే అలమరలో, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఒక్కో సీసాను నెమ్మదిగా ఒకసారి తలకిందులు చేసి, అడుగున పేరుకున్న ఈస్టు పైకి లేచేలా తిప్పి, నిలబెట్టండి. నెలల తరబడి చలిలో ఉన్న ఈస్టు కాబట్టి మూడు వారాలు ఓపిక పట్టి, అప్పుడు ఒకటి తీసి చూడండి. గరాజ్‌లోకి మాత్రం తీసుకెళ్లకండి.

రెండో విడత సంగతి వేరు. వంటింటి చిన్న చెంచాను తలకొట్టి కొలిస్తే 4 గ్రాముల పంచదార పడుతుంది. కుప్పగా తీస్తే 6 గ్రాములకు తగ్గదు. పన్నెండు ఔన్సుల సీసాలో 355 మిల్లీలీటర్ల బీరు ఉంటుంది. మన లెక్క ప్రకారం దానికి కావలసింది 2.2 గ్రాములు, అంటే అర చెంచాకు కొంచెం ఎక్కువ. తలకొట్టిన చెంచా వేసిన సీసా 3.7 వాల్యూమ్‌ల దగ్గరకు, కుప్పగా వేసిన సీసా 5 వాల్యూమ్‌ల దగ్గరకు వెళుతుంది. 2.4 వాల్యూమ్‌ల బీరు 20 డిగ్రీల దగ్గర సీసా గోడల మీద సుమారు 26 పీఎస్ఐ ఒత్తిడి చూపుతుంది. మీ కారు టైరులో ఉండే 32, 35 పీఎస్ఐ కన్నా తక్కువే. 3.7 వాల్యూమ్‌ల సీసా 40 డిగ్రీల గరాజ్‌లో 75 పీఎస్ఐకి చేరుతుంది. 5 వాల్యూమ్‌ల సీసా అదే వేడిలో వంద దాటుతుంది. అది మూడు టైర్ల ఒత్తిడిని సన్నటి గాజు గోడల మధ్య బిగించి ఉంచడమే. ఎన్నోసార్లు కడిగి వాడిన సీసాల మీద సన్నని గీతలు ఉంటాయి, గాజు బలం ఆ గీతల దగ్గర తగ్గుతుంది. ఒక సీసా పేలి, పక్కది పొంగడంతో సరిపెట్టుకోవడానికి చెంచాలోని హెచ్చుతగ్గులూ, గాజులోని ఈ తేడాలూ కలిసి కారణం.

దీనికి పదో రోజునే నింపడం తోడైంది. మీరు పులియడం ముగిసిందని అనుకోవడానికి ఆధారం ఎయిర్‌లాక్‌లో, అంటే వాయువును బయటికి వదిలే నీటి గొట్టంలో, బుడగలు ఆగడం. బుడగలు నమ్మదగిన సాక్షి కావు. మూత సరిగ్గా బిగియకపోతే వాయువు పక్క నుంచి పోతుంది, పులియడం సాగుతున్నా బుడగ కనిపించదు. గది వేడెక్కితే పులియడం ఆగిన తర్వాత కూడా కరిగి ఉన్న వాయువు బుడగలుగా వస్తుంది. ఈ విషయంలో మాట తప్పనిది హైడ్రోమీటర్ ఒక్కటే. తక్కువ ఖర్చుతో దొరికే ఆ గాజు గొట్టం లేకుండా సీసాల్లో నింపే ఆలోచన చేయవద్దని ప్రాధేయపడి చెబుతున్నాను. చక్కెర పులిసిన కొద్దీ బీరు సాంద్రత తగ్గుతుంది. అది 1.016 నుంచి 1.012కు దిగవలసి ఉండగానే మీరు మూత బిగించారనుకోండి. హైడ్రోమీటర్ మీద ఒక్కో గీత, అంటే 0.001, సుమారు అర వాల్యూమ్ వాయువుతో సమానం. ఆ నాలుగు గీతలూ సీసాలో దిగితే, మీరు వేసిన పంచదారకు అదనంగా మరో రెండు వాల్యూమ్‌లు పుడతాయి. ఒక్క గరిటెడు పంచదార కలపకపోయినా ఆ బీరుకు సరిపడా గ్యాస్ వచ్చి ఉండేది. అందుకే ఏ తూకం గురించి ఆలోచించే ముందైనా, రెండు మూడు రోజుల ఎడంతో తీసిన రెండు కొలతలు ఒకటే రావాలి, ఆ అంకె వంటకం చెప్పిన తుది సాంద్రతకు దగ్గరగా ఉండాలి. కొలిచే ముందు నమూనాను రెండు గ్లాసుల మధ్య అటూ ఇటూ పోసి గ్యాస్ తీసేయండి. లేకపోతే బుడగలు హైడ్రోమీటర్‌ను పైకి లేపి ఎక్కువ చూపిస్తాయి. కొలిచిన నమూనాను తిరిగి బకెట్‌లో పోయకూడదు.

బీరుకు చేదు, సువాసన ఇచ్చే హాప్స్ పువ్వులను ఎక్కువగా వాడే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) రకం బీర్లకు మరికొంత ఓపిక కావాలి. పులిసిన బీరులో పచ్చిగా వేసే హాప్స్‌లో ఉండే ఎంజైములు, ఈస్టుకు లొంగని పెద్ద చక్కెరలను కూడా చిన్నవిగా విరగ్గొడతాయి. స్థిరపడిందనుకున్న సాంద్రత మళ్లీ దిగడం మొదలవుతుంది. కాబట్టి ఇలా పచ్చి హాప్స్ వేస్తే (దీన్నే డ్రై హాపింగ్ అంటారు) హాప్స్ వేయక ముందు తీసిన కొలతలను నమ్మకుండా, వేసిన తర్వాత మళ్లీ రెండు కొలతలు తీయాలి.

ఏ చక్కెర వాడాలన్న విషయంలో అనవసరమైన భయాలు చాలా ఉన్నాయి. పంచదార వేస్తే బీరుకు యాపిల్ సైడర్ వాసన వస్తుందనే మాట మీరు కూడా విని ఉంటారు. మాల్ట్‌కు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) బదులుగా కిలో పంచదార పోయమని చెప్పిన పాతకాలపు చౌక కిట్ల నుంచి వచ్చిన మాట అది. 18 లీటర్లలో 111 గ్రాముల పంచదార రుచిని మార్చదు. దుకాణంలో దొరికే తెల్ల పంచదార చెరకుదైనా, బీట్‌రూట్ జాతి దుంపదైనా నిరభ్యంతరంగా వాడండి. పొడి చక్కెర మాత్రం వద్దు. అమెరికాలో దానిలో మొక్కజొన్న పిండి కలుపుతారు. మాల్ట్ పొడి వాడితే కొంత భాగం పులియదు కాబట్టి పంచదార కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు కావాలి.

అనకాపల్లి బెల్లం వాడవచ్చు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన ఆ ఊరి సరుకు మీద మీ మమకారం నాకు అర్థమవుతుంది. అయితే బెల్లం పంచదారలా నిలకడైన పదార్థం కాదు. దానిలో సుక్రోజుతో పాటు విడిపోయిన చక్కెరలు, తేమ, ఖనిజాలు ఉంటాయి. వానాకాలంలో చెమర్చిన అచ్చుకూ, వేసవిలో ఎండిన అచ్చుకూ తేమలోనే తేడా వస్తుంది. పులిసే భాగం నూటికి 85 నుంచి 90 వరకూ ఉంటుందనుకుని, 111 గ్రాముల పంచదారకు బదులు సుమారు 125 గ్రాముల బెల్లం తూచండి. ఇందులో పదో వంతు పొరపాటు జరిగినా తేడా 0.15 వాల్యూమ్‌కు మించదు, దానికి భయపడనక్కర లేదు. నీళ్లలో మరిగించాక పలుచని బట్టలో వడకట్టండి. చెరకు పిప్పి, ఇసుక రేణువులు అడుగున ఎంత చేరతాయో వడకట్టినప్పుడే తెలుస్తుంది. రంగు కోసం రసాయనాలు కలిపిన పసుపు పచ్చని బెల్లం కన్నా ముదురు గోధుమ రంగు బెల్లం మేలు. కానీ ఒక సంగతి ముందే చెప్పాలి: లీటరుకు 7 గ్రాముల బెల్లంతో పేల్ ఏల్‌కు బెల్లం రుచి రాదు. ఆ రుచే మీకు కావాలంటే, ముదురు రంగు పోర్టర్ లాంటి బీరు ఎంచుకుని, మాల్ట్ ద్రవం మరిగే చివరి పది నిమిషాల్లో అర కిలో బెల్లం వేయండి. సీసాల్లో నింపేటప్పుడు మామూలు పంచదారే వాడండి. ఇంట్లో పటిక బెల్లం ఉంటే అది దాదాపు స్వచ్ఛమైన సుక్రోజు కాబట్టి, పంచదార తూకమే దానికీ వర్తిస్తుంది.

ఇక వేసే పద్ధతి. సీసా సీసాకూ చెంచాతో వేయడం మానేయండి. గ్రాముల్లో చూపే చిన్న వంటింటి త్రాసు మీద మొత్తం బీరుకు సరిపడే పంచదారను ఒకేసారి తూచి, ఒకటిన్నర కప్పు నీళ్లలో కరిగించి, ఐదు నిమిషాలు మరిగించి, మూత పెట్టి చల్లార్చండి. శుద్ధి చేసిన బాట్లింగ్ బకెట్ అడుగున ముందు ఈ పాకాన్ని పోసి, దాని మీదకు బీరును సైఫన్ గొట్టంతో దించండి. గొట్టం కొసను బకెట్ అడుగున గోడ వెంబడి వంపుగా పడుకోబెడితే, దిగుతున్న బీరు మెల్లగా సుడి తిరుగుతూ పాకాన్ని తనలో కలుపుకుంటుంది. అయినా సుడిని మాత్రమే నమ్మకుండా, శుద్ధి చేసిన పొడవాటి గరిటతో అడుగు నుంచి పైకి రెండు మూడుసార్లు నిదానంగా కలపండి. పాకం బీరు కన్నా బరువైనది. కలపకపోతే అడుగునే నిలిచి, కుళాయి దగ్గర మొదట నిండే సీసాలు పొంగుతాయి, చివరివి చప్పబడతాయి. ఒకే విడతలో రెండు రకాల సీసాలు వస్తే తొంభై పాళ్లు కారణం ఇదే. కలిపేటప్పుడు నురగ రేపకూడదు, చిలకకూడదు. ఈ దశలో బీరులో చేరే గాలి కొద్ది వారాల్లో తడిసిన అట్టపెట్టె రుచిని తెస్తుంది.

నింపేటప్పుడు సీసా అడుగున నొక్కితే తెరుచుకునే బాట్లింగ్ వాండ్ వాడండి. బీరు అంచు వరకూ వచ్చాక వాండ్‌ను బయటికి తీస్తే అది ఆక్రమించిన మేరకు, సుమారు ఒక అంగుళం, ఖాళీ తానుగా మిగులుతుంది. తిప్పి తీసే మూతల సీసాలు పనికిరావు. వాటి మెడ మీద మర చుట్లు ఉండటం వల్ల మామూలు క్రౌన్ మూత గట్టిగా పట్టదు. మామూలు పన్నెండు ఔన్సుల సీసాలను 3 వాల్యూమ్‌లకు మించి నమ్మకూడదు. జర్మన్ గోధుమ బీరు, కొన్ని బెల్జియన్ బీర్లు 3.5 వాల్యూమ్‌లు, అంతకు పైన కూడా ఉంటాయి కానీ, అవి దళసరి గాజు సీసాల్లో వస్తాయి. ఆ అంకెలను మీ సీసాలకు తెచ్చుకోవద్దు. బ్రిటిష్ బిట్టర్ చేస్తే 1.8 చాలు.

అదే బీరును ఒక చిన్న సోడా ప్లాస్టిక్ సీసాలో కూడా నింపి, గాలి పోయేలా నొక్కి మూత బిగించండి. ఇది నాకు బాగా నచ్చిన ఉపాయం. రోజూ వేళ్లతో నొక్కి చూస్తే, మొదట మెత్తగా లోపలికి పోయే ప్లాస్టిక్ రోజురోజుకూ బిగుసుకుని, చివరకు కొత్త సోడా సీసాలా రాయిలా అవుతుంది. గాజు సీసాల్లో ఏం జరుగుతున్నదీ మూత తీయకుండానే అది చెబుతుంది. మూడో రోజుకే రాయిలా మారితే ఏదో తేడా ఉందని గ్రహించి గాజు సీసాలన్నీ ఫ్రిజ్‌లోకి మార్చుకునే వ్యవధి ఉంటుంది. సీసాలను 20 నుంచి 22 డిగ్రీల మధ్య, ఇంటి లోపల, వెలుతురు తగలని చోట, మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో రెండు మూడు వారాలు ఉంచండి. మీ ఊళ్లో గరాజ్ చలికాలంలో ఈస్టును నిద్రపుచ్చుతుంది, వేసవిలో ఒత్తిడిని రెట్టింపు చేస్తుంది. ఈ పనికి అది ఏ కాలంలోనూ తగిన చోటు కాదు. తాగే ముందు కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు ఫ్రిజ్‌లో నిలబెట్టండి. సీసా పైభాగంలో ఉన్న వాయువు చలికి బీరులోకి కరగడానికి, ఈస్టు అడుగున గట్టిగా పేరుకోవడానికి ఆ సమయం అవసరం. గ్లాసులోకి వంచేటప్పుడు ఒకే ధారగా పోసి, మడ్డి మెడ దాకా రాగానే ఆపేయండి.

మీ బావమరిది గారి విషయంలో మీరు మొహమాటపడకుండా వద్దని చెప్పాలి. అమెరికాలో ఇంటి అవసరానికి బీరు చేసుకునే హక్కు 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల వచ్చింది. దాని ప్రకారం ఇద్దరు లేదా అంతకు మించి పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల వరకూ, ఒక్కరే ఉంటే 100 గ్యాలన్ల వరకూ పన్ను లేకుండా చేసుకోవచ్చు, అమ్మకూడదు. తెలంగాణలో గానీ, ఆంధ్రప్రదేశ్‌లో గానీ అటువంటి వెసులుబాటు లేదు. ఎక్సైజ్ లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం అక్కడ నేరం. సొంతానికి, కొద్దిగా, ఇంట్లోనే అన్న సమాధానం చెల్లదు. ఇక్కడి నుంచి కిట్ కొని పంపే ఆలోచన ఉంటే అది కూడా మానుకోండి. తాజా బీరు మీద ఆయనకు నిజంగా ఆసక్తి ఉంటే హైదరాబాద్‌లో లైసెన్సుతో నడిచే మైక్రోబ్రూవరీలు ఉన్నాయి. మిమ్మల్ని చూడటానికి టెక్సాస్ వచ్చినప్పుడు మీ తర్వాతి విడతకు ఆయన చేతనే పంచదార తూయించండి.